గోల్‌పోస్టు వెనక పెద్దమ్మ

"కోడలా, అక్క పోయింది" అని ఫోర్‌మన్ మామయ్య ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. పొద్దున లేచి చాయ్ తాగి, జర నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఎనభై దాటినవాళ్ళకు అంతకంటే మంచి పోకడ ఏముంటుందని మామయ్యే నాకు ధైర్యం చెప్పాడు, చెబుతూ చెబుతూ తనే ఏడ్చాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా అద్దాల మేడలు. వీటిలో ఒకటో రెండో తప్ప ఇంకేమీ లేని రోజుల్లో ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క దిక్కు ఆవిడ.

మీకు ఆవిడ తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. లింగంపల్లిలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. బాలానగర్ ఫ్యాక్టరీ ఒకదానికి అప్పట్లో ఫుట్‌బాల్ జట్టు ఉండేది, ఆట కోసమే ఉద్యోగమిచ్చి జీతమిచ్చే జట్టు. దానికి ఈ నగరంలో మిగిలిన ఆఖరి వీరాభిమాని ఆవిడ. ఆ జట్టు ఎందుకు ఓడిపోతోందో, దాన్ని ఎట్లా బాగు చెయ్యాలో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆవిడ గట్టి నమ్మకం. ఎన్నోసార్లు తప్పు చెప్పింది. ఒక్కసారి ఒప్పు చెప్పింది. ఆ ఒక్కసారి గురించే ఇదంతా రాస్తున్నాను.

తొంభైల చివర నేను ఏలూరు నుంచి వచ్చాను. హైటెక్ సిటీలో కొత్త మేడ లేచింది, చుట్టూ బండరాళ్ళు, ఎర్రమట్టి, మధ్యాహ్నమైతే దుమ్ము. అందులో నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇల్లు వెతుక్కుంటూ తిరిగితే ప్రతి ఓనరూ నన్ను పైనించి కిందకి చూసి, ఒక్కదానివేనా, రాత్రి ఎన్నింటికి వస్తావు, ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా అని అడిగేవాళ్ళు. పెద్దమ్మ అవేమీ అడగలేదు. అరుగు మీద కూర్చుని పల్లీలు ఏరుతూ, "ఐతారం ఏం జేస్తవ్?" అంది. బట్టలు ఉతుక్కుని నిద్రపోతానండీ అన్నాను. "బట్టలు శనివారం ఉతుక్కో. ఐతారం నాతోటి రా" అంది. పై వాటా నాదైంది.

ఎక్కడికి రమ్మందో ఆదివారం దాకా తెలియలేదు. గుడికో, బంధువుల ఇంటికో అనుకుని పట్టులంగా ఓణీ లాంటిది ఏదీ లేదే అని బెంగపడ్డాను కూడా. ప్యాసింజరు రైల్లో సికింద్రాబాద్ దాకా తీసుకెళ్ళి, గడ్డి సగం ఊడిపోయిన ఒక మైదానంలో, గోల్‌పోస్టు వెనక, తను తెచ్చిన గోనెసంచి పరిచి కూర్చోబెట్టింది. ఆ మైదానంలో ఆడవాళ్ళం మేమిద్దరమే. స్టీలు డబ్బా మూత తీసి ఉడకబెట్టిన పల్లీలు నా చేతిలో పోసింది. అటు పక్క కూర్చున్న అవతలి జట్టువాళ్ళకు కూడా పంచింది. ఆట మొదలయ్యాక మాత్రం వాళ్ళనే తిట్టింది.

గ్యాలరీలో నీడ ఉంది కదండీ, ఇక్కడెందుకు అని అడిగితే, పక్కనుంచి చూస్తే ఆట కనబడుతుంది, వెనకనుంచి చూస్తే మనుషులు కనబడతారు అంది. ఆ వెనకనుంచే గోల్‌కీపర్‌కు ఎడతెరిపి లేకుండా సలహాలు. ఎడమ చూడు, కుడి చూడు, ఆ పొడుగోడు మంచోడు కాదు, నువ్వు నాష్టా చేసినవా లేదా. పాపం అతను బంతిని ఆపడమా, ఈవిడకు జవాబు చెప్పడమా తెలియక నలిగిపోయేవాడు. మనవాళ్ళు గోలు వేస్తే అందరిలా చప్పట్లు కొట్టేది కాదు. కొంగు తీసి నడుం చుట్టూ గట్టిగా దోపుకుని, "పడ్డది" అనేది. అంతే. ఆ మాట నేను ఆ ఏడు చాలా తక్కువసార్లు విన్నాను.

ఎందుకంటే ఆ ఏడు జట్టు వరసగా ఓడిపోతోంది. ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన పెద్ద మేనేజరు ఒక మాట అనేశాడట. ఈసారి మొదటి డివిజన్లోంచి కిందికి జారితే జట్టు ఉండదు. ఆటగాళ్ళు అందరిలాగే గంట కొడితే వచ్చి గంట కొడితే వెళ్ళడమే. ఆ మాట విన్నప్పటినుంచి పెద్దమ్మకు అన్నం సయించలేదు.

సయించకపోవడానికి కారణం ఉంది. ఆ జట్టు కెప్టెన్ ఆవిడ తమ్ముడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, తనే ఒక చిన్నపిల్ల అయ్యుండి ఆయన్ను చంకన వేసుకుని పెంచింది. పాత చీరలు చుట్టి బంతి చేసి ఇచ్చింది. ఆ గుడ్డబంతి తన్నుకుంటూ తన్నుకుంటూ ఆయన ఫ్యాక్టరీ జట్టులో చేరాడు, ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ వచ్చింది, పెళ్ళయింది, ప్రమోషన్ మీద ఫోర్‌మన్ అయ్యాడు. పెద్దమ్మ భర్త పోయినప్పుడు ఆ ఇంట్లో మగదిక్కుగా నిలబడి, కూతురి పెళ్ళి చేసిందీ ఆయనే. కనక ఆ జట్టు పోతే ఆవిడకు పోయేది ఒక్క ఆదివారం కాలక్షేపం కాదు.

ఇక బాగుచెయ్యడం మొదలుపెట్టింది. మొదట తిండి. క్యాంటీన్లో ఇడ్లీ సాంబారు తిని వస్తే కాళ్ళేం లేస్తాయని, జొన్నరొట్టెలు చేసి మూటకట్టి తెచ్చి ఆటకు ముందు బలవంతాన తినిపించింది. ఆరోజు మనవాళ్ళు నడిచారు తప్ప పరుగెత్తలేదు. తర్వాత బూట్లు. తర్వాత దిష్టి. అవతలివాళ్ళు ఏదో చేయించారని ఒకరోజు పొద్దున్నే వెళ్ళి గోల్‌పోస్టు దగ్గర గుమ్మడికాయ కొట్టింది. ఆ ముక్కల మీద కాలు జారి మన గోల్‌కీపరే పడ్డాడు. తర్వాత మైదానం వాలుగా ఉందంది. ఆడరాక మద్దెల ఓడన్నట్టుంది పెద్దమ్మా అని నేను వేళాకోళం చేస్తే, మద్దెల కూడా ఓడుగానే ఉంది, నువ్వు చూడలేదా అని గొడుగుతో చూపించింది. ప్రతి ఆటకూ ముందు కోచ్ సాబ్‌ను పట్టుకుని ఎడమవాణ్ణి కుడికి, కుడివాణ్ణి ఎడమకు మార్చమనేది. ఆయన పాతబస్తీ మనిషి, ఎంతో మర్యాదస్తుడు, అదే ఫ్యాక్టరీలో ఉద్యోగి. చేతులు కట్టుకుని అంతా విని, "ఆప్ కీ దువా చాహియే అమ్మా" అని దీవెన అడిగేవాడు, ఒక్కటీ మార్చేవాడు కాదు.

ఇలా ఆరోగ్యమో, గ్రహచారమో, గుమ్మడికాయో అంటూ సగం సీజన్ గడిచింది. నాకు మెల్లగా ఆట అర్థం కావడం మొదలైంది. అంతకంటే ముందు ఇంకొకటి కనిపించడం మొదలైంది. పగలంతా ఎక్కడ తప్పుందా అని వెతికే ఉద్యోగం కదా, కళ్ళకు అదే అలవాటైపోయింది.

ఫోర్‌మన్ మామయ్య మధ్యలో, ముందువరసలో ఆడేవాడు. ఒకప్పుడు బ్రహ్మాండంగా ఆడేవాడట, నేను చూసేనాటికి ఒళ్ళు చేశాడు. మనిషి బంగారం. జట్టులో సగంమంది ఆయన సెక్షన్లోనే పనిచేసేవాళ్ళు. షిఫ్టు వేసేది ఆయన, సెలవు ఇచ్చేది ఆయన, ఎవరింట్లో పెళ్ళయినా ముందు నిలబడేది ఆయన, ఎవరి తండ్రికి జబ్బు చేసినా దవాఖానకు తీసుకెళ్ళేది ఆయన. అందుకని వాళ్ళకు ఆయనంటే భయం కాదు, భక్తి. ఆ భక్తి మైదానంలోకి కూడా వచ్చేసింది. బంతి ఎవరికి దొరికినా, ఎదురుగా గోలు ఖాళీగా ఉన్నా సరే, ఒక్క క్షణం ఆగి, అన్న ఎక్కడున్నాడా అని తలెత్తి చూసి, రెండు చేతులా ప్రసాదం అందించినట్టు మర్యాదగా ఆయన కాళ్ళ దగ్గరికి తోసేవాళ్ళు. ఆయన ఆ బంతిని అందుకునేలోపు అవతలివాళ్ళు నలుగురు చుట్టుముట్టేవాళ్ళు. ముఖ్యంగా ఎడమ వైపు ఆడే వెల్డరు ఒకడుండేవాడు. గాలిలా ఉరికేవాడు, ఉరికి ఉరికి ఆగిపోయి అన్న కోసం చూసేవాడు.

ఒక ఆదివారం మళ్ళీ అదే జరిగింది. నేను లోపల దాచుకోలేక అడిగేశాను.

"పెద్దమ్మా, వీళ్ళంతా బంతి మామయ్యకే ఎందుకిస్తున్నారండీ?"

ఆవిడ పల్లీల డబ్బా మూత పెట్టేసింది. ఆట ఇంకా చాలా ఉంది, మూత మాత్రం మళ్ళీ తియ్యలేదు. రైల్లో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. వారం రోజులు కిందినుంచి నాకు పిలుపు లేదు, కూర గిన్నె పైకి రాలేదు. నేను ఒక మాట అన్నందుకు కాదు ఆ మౌనం. తనకు ఎప్పుడో తెలిసిన మాట ఇంకొకరి నోట విన్నందుకు. వెనకనుంచి చూస్తే మనుషులు కనబడతారని చెప్పింది ఆవిడే కదా. ఇన్నాళ్ళూ జొన్నరొట్టె మీద, గుమ్మడికాయ మీద, వాలు మైదానం మీద చూపించిన కోపమంతా అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టేనని నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత ఒక సాయంత్రం తనే మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పికి అది పెద్ద ప్రయాణం. మంచం మీద కూర్చుని, నా ఆఫీసులో అసలు నేనేం చేస్తానని అడిగింది. వేరేవాళ్ళు రాసిన దాంట్లో తప్పులు పట్టుకుని చెబుతానండీ అన్నాను. కోపానికి రారా అంది. వస్తారండి, అయినా ఉద్యోగం అదే కదా అన్నాను. మరి మీ పెద్ద సారు రాసింది తప్పయితే అంది. నాకు నవ్వొచ్చింది. మా ఆఫీసులో అందరినీ పేరు పెట్టి పిలవాలని పైవాళ్ళ ఆర్డరు. మేం పేరు పెట్టి పిలిచి, చివర ఒక గారు తగిలించి, ఆయన రాసిన దాని జోలికి మాత్రం వెళ్ళేవాళ్ళం కాదు. టీమ్ అంతా దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయేది. ఆ సంగతి చెప్పాను.

"అయితే మీదీ మా టీమే బిడ్డా" అంది పెద్దమ్మ. చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, "ఓడుడు తప్పు గాదు. ఎందుకు ఓడుతున్నమో ఎరుకుండి నోరు మూసుకునుడు తప్పు" అంది. ఆ మాట నాకు చెప్పిందో తనకు చెప్పుకుందో తెలియదు. వెళుతూ వెళుతూ, రాఖీ పున్నమికి బాలానగర్ పోతున్నాను, నువ్వు కూడా రా అంది.

మా వైపు రాఖీ అంటే స్కూల్లో పిల్లలు కట్టుకునే రంగుదారం. ఇక్కడ అట్లా కాదు. ఎంత వయసొచ్చినా, ఎంత దూరమైనా, అక్క తమ్ముడి ఇంటికి పోయి కట్టి రావలసిందే. ఆరోజు బస్సుల్లో నిలబడే చోటుండదు. అక్క అడిగింది తమ్ముడు కాదనకూడదు. ఎవరూ పెద్దగా ఏమీ అడగరనుకోండి, తమ్ముడు చీర పెడతాడు, అక్క కళ్ళకద్దుకుంటుంది, అంతటితో సరి.

ఫోర్‌మన్ మామయ్య తలంటుకుని, పీట మీద సిద్ధంగా కూర్చున్నాడు. పక్కన పళ్ళెంలో ఆకుపచ్చ చీర. పెద్దమ్మ బొట్టు పెట్టింది, రాఖీ కట్టింది, నోట్లో లడ్డూ పెట్టింది, హారతి తిప్పింది. ఆయన అక్క కాళ్ళకు మొక్కి పళ్ళెం చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మెల్లగా వెనక్కి జరిపింది.

"చీర వద్దు తమ్మీ. ఈసారి వేరేది అడుగుత. ఇస్తవా?"

"అడుగక్కా. నీకు ఇయ్యనిది ఏమున్నది?"

"వచ్చే ఐతారం ఆఖరి ఆట. నువ్వు ఆడకు. బెంచీ మీద కూసో."

ఆయన ముందు నవ్వాడు, హాస్యమనుకుని. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క ముఖం చూశాక ఆయన నవ్వు కూడా ఆగింది.

"నా ఆట గంత ఖరాబయిందా అక్కా?"

"నీ ఆటకేం గాలే. నువ్వుంటే ఆళ్ళు ఆడుతలేరు."

"బంతి నాకియ్యమని నేనెన్నడన్న అన్ననా?"

"అనలే. అనెటోనివైతే ఎవడో ఒకడు నీతోటి కొట్లాడేటోడు. మంచోనివి గనకనే ఎవ్వరూ చెప్తలేరు. బంతికి బంధుత్వం తెల్వదు తమ్మీ. నాకు తెలుసు. తెలిసే అడుగుతున్న."

మామయ్య లేచి పెరట్లోకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, రాఖీ నాడు ఇదేం అడుగుడు వదినా, పగవాళ్ళు కూడా ఇట్లా అడగరు అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పెద్దమ్మ చీర పళ్ళెంలోనే వదిలేసి బయటికి నడిచింది, నేను వెనకాల. బస్టాపులో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ చెయ్యి పట్టుకుని నడక నేర్పాను బిడ్డా, ఆ చేతికే రాఖీ కట్టి కాళ్ళు కట్టేసి వచ్చాను అంది. వచ్చే ఏడు వాడు చెయ్యి చాపుతాడో లేదో అంది. నేను గొడుగు విప్పి ఆవిడ మీద పట్టాను. వాన కూడా లేదు.

ఆ ఆదివారం మైదానానికి పోతామా లేదా అన్న అనుమానం నాకే గాని ఆవిడకు లేదు. ఎప్పటిలా పల్లీలు ఉడకబెట్టింది. డ్రా చేసుకున్నా చాలు, జట్టు మొదటి డివిజన్లో నిలబడుతుంది. మేం గోల్‌పోస్టు వెనక గోనెసంచి పరిచేసరికి రెండు జట్లూ దిగుతున్నాయి. ఫోర్‌మన్ మామయ్య మామూలు చొక్కాతో వచ్చాడు. చేతిలో సంచి, మణికట్టు మీద రాఖీ. మావైపు చూడలేదు. పోయి గీత పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. కోచ్ సాబ్ దూరంనుంచి పెద్దమ్మను చూసి నెమ్మదిగా తలొంచాడు. ఆయనకూ అంతా తెలుసని, ఫోర్‌మన్ ముందు నోరు పెగల్లేదని ఆ తల వంచడంలోనే తెలిసిపోయింది.

ఆయన తప్పుకుంటే అంతా సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? బంతి దొరకగానే వాళ్ళు మళ్ళీ ఆగారు, తలెత్తారు, అన్న ఉండే చోటుకే తోశారు. అక్కడ అన్న లేడు. బంతి దొర్లుకుంటూ పోయి గీత దాటింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. వెల్డరైతే ఒకసారి తిన్నగా బెంచీ మీద కూర్చున్న ఆయనకే అందించాడు. అందించి, సారీ అన్నా అన్నట్టు చెయ్యెత్తాడు. మైదానమంతా గొల్లుమంది. అవతలివాళ్ళు నవ్వుతూనే ఒక గోలు వేశారు. పెద్దమ్మ గొడుగు నేలకేసి గుచ్చింది.

విరామం అయ్యాక ఆటగాళ్ళు లోపలికి నడుస్తూ మళ్ళీ బెంచీ వైపే చూశారు. అప్పుడు మామయ్య లేచాడు. వాళ్ళు ఆగిపోయారు, దిగుతాడేమోనని. ఆయన బెంచీకి అటు పక్కకు తిరిగి, మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. గ్యాలరీలో ఎవరో అలిగాడురోయ్ అన్నారు. పెద్దమ్మ మాత్రం అదేమిటో చప్పున పోల్చుకుంది. వాళ్ళు చూస్తే తన ముఖం కనపడకూడదని.

"ఆట చూడకుంటె వాడు సస్తడు బిడ్డా" అంది. ఎన్నేళ్ళనుంచో వదలని ఆ గోల్‌పోస్టు వెనక చోటు వదిలి, గొడుగు, డబ్బా పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మైదానం చుట్టూ నడిచి పోయి తమ్ముడి పక్కన కూర్చుంది. ఆయన గోడ వైపు, ఆవిడ ఆట వైపు. నేను వెనక నిలబడ్డాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడ ఆట చెప్పడం మొదలుపెట్టింది, కూరగాయల బేరం గురించి చెబుతున్నంత మామూలుగా.

మనోళ్ళ దగ్గరుంది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు తమ్మీ. ఆ మాటకు మామయ్య తలూపాడు, తిట్టుకోవడం మంచిదేనన్నట్టు. నిజంగానే మైదానంలో గొంతులు లేచాయి. ఇన్నాళ్ళూ ఒకడికోసం చూసినవాళ్ళు ఇప్పుడు ఒకరికోసం ఒకరు అరుస్తున్నారు.

"ఎడమోడు తీసుకున్నడు" అంది పెద్దమ్మ. "ఇటు చూస్తుండు... లే, చూస్తలేడు. ఉరుకుతుండు."

"మధ్యల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"వాన్నే కొట్టుమను అక్కా."

"వాడే కొట్టిండు."

మామయ్య భుజాలు బిగుసుకున్నాయి. వెనక్కి తిరగలేదు. మైదానమంతా లేచి అరుస్తున్నా ఆయనకు ఆ అరుపులు సరిపోలేదు. "పడ్డదా?" అని అడిగాడు.

పెద్దమ్మ కొంగు నడుం చుట్టూ దోపుకుంది. "పడ్డది" అంది. డబ్బాలోంచి గుప్పెడు పల్లీలు తీసి ఆయన చేతిలో పోసింది.

ఆఖరి ఈల దాకా ఆయన అట్లాగే గోడ చూస్తూ కూర్చున్నాడు. ఆట సమానంగా ముగిసింది, జట్టు నిలబడింది. వెల్డరు పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళ మీద పడబోతే, ముందు నీళ్ళు తాగు అన్నాడు మామయ్య. సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసి, "ఇప్పుడన్న తీస్కో" అని అక్క ఒళ్ళో పెట్టాడు. ఆ చీర పెద్దమ్మ పండగలకు కట్టలేదు. ఆట ఉన్న రోజున కట్టేది.

మర్నాడు ఆఫీసులో నేను మా పెద్ద సారు దగ్గరికి వెళ్ళి, మీరు రాసిన దాంట్లో తప్పుందండీ, మేమందరం దాని చుట్టూ తిరుగుతున్నాం అని చెప్పాను. పేరుతో పిలిచి, గారు తగిలించే చెప్పాను, అంత మార్పు నావల్ల కాదు. ఆయన రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు, మూడో రోజు సరిదిద్దాడు. ఇవాళ నేను ఒక పెద్ద టీమ్‌ను నడుపుతున్నాను. అప్పుడప్పుడూ అందరూ నా మాటకే తలలూపుతుంటే, కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చుంటాను. మా వాళ్ళకు అదొక చాదస్తం. అది నాకు ఎవరు నేర్పారో వాళ్ళకు తెలియదు. పెద్దమ్మ నాకు ఇల్లు అద్దెకిచ్చింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. వాటన్నిటికీ నేను రుణపడి ఉన్నాను. అన్నిటికంటే ఎక్కువ ఆ బెంచీకి రుణపడి ఉన్నాను.

మరుసటి రాఖీకి తమ్ముడు చెయ్యి చాపాడు. ఈసారి ఏం అడుగుతావని ముందే భయపడ్డాడు కూడా. ఆవిడ కోచ్ సాబ్‌కు సాయంగా ఆట నేర్పమంది, నేర్పాడు. జట్టు ఇంకొన్నేళ్ళు ఆడింది. తర్వాత ఆ ఫ్యాక్టరీకే ఆటల మీద మోజు పోయి జట్టును మూసేసింది. పెద్దమ్మ దానికి ఏడవలేదు. మనం ఓడిపోలేదు, వాళ్ళు బంద్ చేసుకున్నారు, రెండూ ఒకటి కాదు అనేది. నేను ప్రగతి నగర్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాక కూడా ఆదివారాలు ఆవిడవే. టీవీలో ప్రపంచంలోని పెద్ద పెద్ద జట్ల ఆటలు చూసేవాళ్ళం. కోట్లమంది మెచ్చుకునే ఆటగాడు కనిపిస్తే, జట్టంతా అతనికోసం తలలెత్తి చూస్తుంటే, పెద్దమ్మ గొడుగు లేని లోటు రిమోట్‌తో తీర్చుకుంటూ తెరవైపు చూపించేది. "వీళ్ళకూ ఒక ఫోర్‌మన్ ఉన్నడు బిడ్డా. వీనికి అక్క ఉన్నదో లేదో" అనేది.

మొన్న మూడో రోజున శ్మశానవాటికలో పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ ఎదురుచూడాలి. ముట్టకపోతే వాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. చాయ్, చేపల పులుసు, జొన్నరొట్టె, ఉడకబెట్టిన పల్లీలు పెట్టారు. పాత జట్టులో మిగిలినవాళ్ళు వచ్చారు. వెల్డరు తల నెరిసిపోయింది. గోడ మీద ఒక కాకి ఉంది గాని దిగడం లేదు. ఎండెక్కుతోంది. పెద్దమ్మ కూతురు ఇల్లు అమ్మం లేమ్మా అంది. మనవడు రేపటినుంచి బాగా చదువుతానన్నాడు. కాకి కదల్లేదు. అందరూ విస్తరి చుట్టూ మూగి, ఫోర్‌మన్ మామయ్య వైపే చూస్తున్నారు, పెద్దవాడు కదా, ఏదో ఒకటి చెప్పి అక్కను ఒప్పిస్తాడని.

మామయ్య విస్తరిలో పెట్టగా మిగిలిన పల్లీలు గుప్పిట్లో పట్టుకుని, కర్ర ఊతం చేసుకుని వెనక్కి నడిచాడు. అక్కడో సిమెంటు బెంచీ ఉంది. దాని మీద విస్తరికి వీపు పెట్టి, ప్రహరీ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అందరూ వెనక్కి జరిగారు.

"కోడలా, నువ్వు జర వచ్చి కూసో" అన్నాడు. "నేను చూడ. ఏమైతుందో నువ్వు చెప్పు."

నేను వెళ్ళి ఆయన పక్కన, విస్తరి వైపు తిరిగి కూర్చున్నాను.

"గోడ మీదే ఉంది మామయ్యా."

"ఊఁ."

"దిగింది. విస్తరి పక్కన నిలబడింది. అటూ ఇటూ చూస్తోంది."

"ఇటు చూస్తున్నదా?"

"చూసింది. ఇప్పుడు చూడటం లేదు."

మామయ్య భుజాలు బిగుసుకున్నాయి. "ముట్టిందా?" అని అడిగాడు.

"ముట్టింది మామయ్యా. చేపల పులుసు వదిలేసి పల్లీ తీసుకుంది."

ఆయన వెనక్కి తిరగలేదు. గుప్పిట విప్పి, అందులో మిగిలిన పల్లీలు నా చేతిలో పోశాడు.